చేతిసంచీలో ఏముండాలి?

ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. ఆవిడా, వారి ఆయనా ఇద్దరూ బడిపంతుళ్లుగా పనిచేసి రిటైరయ్యారట. వచ్చే మే నెలలో ఒక యాత్రా సంస్థ వెంట గ్రీసు వెళ్లి, అక్కణ్ణుంచి ఓడలో నాలుగు రాత్రులు ద్వీపాలు తిరుగుతారట. "అన్నీ వాళ్లే చూసుకుంటామన్నారు. మేము చేసుకోవలసింది ఏమైనా మిగిలిందా?" అని అడిగారు.

మిగిలిందండీ, చాలా మిగిలింది. "అన్నీ మేమే చూసుకుంటాం" అన్నది ఆడపెళ్లివారు మగపెళ్లివారితో అనే మాటలాంటిది. విడిదీ, భోజనాలూ, బస్సూ వాళ్లు చూస్తారు. మన మోకాళ్లూ, మన మందులూ, మన కాగితాలూ మనమే చూసుకోవాలి. ఈ సంగతి నాకు 2024 మే నెలలో ఏథెన్సు విమానాశ్రయంలో, పెట్టెలు మోసుకొచ్చే రబ్బరు పట్టీ ముందు నిలబడ్డప్పుడు తెలిసింది.

అసలు కథ కాస్త వెనక మొదలైంది. మా నాన్నగారు విశాఖపట్నం రేవులో ముప్ఫై ఏళ్లు గుమాస్తా. వచ్చిన ఓడా, పోయిన ఓడా ఆయన ఖాతాలో పడవలసిందే. గాని ప్రయాణికుడిగా ఆయన ఏ ఓడా ఎక్కి ఎరుగరు. ఆయన పోయాక మా అమ్మ దేనికీ నోరు తెరిచి అడగలేదు. ఒకనాడు టీవీలో ఓడ కనిపిస్తే మాత్రం, "అందులో పడుకుంటే ఎలా వుంటుందో!" అన్నది. డెబ్భై రెండేళ్లు వచ్చిన మనిషి నోట అంత కోరిక వినడం నాకదే మొదలు. రెండేళ్లు కూడబెట్టి అమ్మా, మా ఆవిడా, నేనూ నలభైమంది బృందంలో బయలుదేరాం.

ముందు కాగితాల సంగతి. గ్రీసుకి కావలసింది షెంగెన్ వీసా. ఆ దేశాలు విడిచే తేదీ తర్వాత కనీసం 3 నెలలైనా పాస్‌పోర్టుకి గడువుండాలి. దాన్ని ఇచ్చి 10 ఏళ్లు దాటివుండకూడదు. 2 పేజీలు ఖాళీగా వుండాలి. వైద్య ఖర్చులకు 30,000 యూరోలకు తక్కువ కాని బీమా తప్పనిసరి. బీమా పత్రంలో రక్తపోటు, చక్కెర వున్న సంగతి దాచకండి. దాచినవాళ్లకి డబ్బు అవసరం పడ్డనాడే దాచిన సంగతి బయటపడుతుంది.

వేలిముద్రలు ఇవ్వడానికి మనిషి స్వయంగా వెళ్లాలి. మా అమ్మ ముద్రలు ఒక పట్టాన పడలేదు. యాభై ఏళ్లు అంట్లు తోమిన వేళ్లు మరి! నాలుగోసారికి యంత్రం కనికరించింది.

ఇక మన తెలుగువాళ్ల ప్రత్యేక బాధ ఇంటిపేరు. ఒక కాగితంలో పొడి అక్షరం, ఇంకొకదానిలో పూర్తి పేరు, మూడోదానిలో అసలేమీ లేదు. టిక్కెట్టు మీద పేరు పాస్‌పోర్టులో వున్నట్టే పడిందో లేదో అక్షరం అక్షరం సరిచూడండి. పరీక్ష పేపర్లు దిద్దే చేతులే కాబట్టి మీకిది కష్టం కాదు.

ఇంకొక మెలిక వుంది. ఈ ఓడల్లో చాలావరకు మధ్యలో తుర్కీ రేవు కుషాదసిలో ఆగి, మళ్లీ గ్రీసు ద్వీపాలకు వస్తాయి. అంటే షెంగెన్ హద్దు దాటి తిరిగి లోపలికి రావడమన్నమాట. ఒక్కసారి ప్రవేశానికే పనికివచ్చే వీసా అయితే చిక్కు. అనేకసార్లు ప్రవేశించే వీసాకే దరఖాస్తు చేయించండి. తుర్కీకి వేరే ఏ కాగితం కావాలో మీ సంస్థని అడిగి, జవాబు రాతమూలంగా తీసుకోండి.

మేము వెళ్లివచ్చాక రెండు మార్పులు జరిగాయి. 2025 జూలై నుంచి గ్రీసు ప్రభుత్వం ఓడ ప్రయాణికుల మీద సుంకం వేసింది. జూన్, సెప్టెంబరుల మధ్య సాంతోరినిలోగాని, మికొనోస్‌లోగాని దిగితే తలకి 20 యూరోలు. మీరు వెళ్లే మే నెలలో అంతకన్న తక్కువే గాని, అది మీరు కట్టిన సొమ్ములో చేరిందో లేదో కనుక్కోండి. 2025 అక్టోబరులో మొదలైన కొత్త పద్ధతి ప్రకారం, సరిహద్దు దగ్గర ముఖచిత్రమూ, వేలిముద్రలూ తీస్తున్నారు. వరుసలో కాసేపు నిలబడడానికి సిద్ధపడండి.

ఇక పెట్టె కథ. ఏథెన్సులో మా బృందం పెట్టెలన్నీ వచ్చాయి, అమ్మది తప్ప. పట్టీ ఖాళీగా నాలుగుసార్లు తిరిగింది. ఆ పెట్టెలో చీరలు పోతే పోయాయి, అమ్మ రక్తపోటు మాత్రలూ, థైరాయిడ్ మాత్రలూ అందులోనే వున్నాయి. "చేతిలో బరువెందుకు, పెద్దపెట్టెలో పడేద్దాం" అన్న మహానుభావుణ్ణి నేనే.

అట్లాంటప్పుడు చేయవలసిన మొదటి పని, ఆ హాలు దాటి బయటికి రాకపోవడం. అక్కడే విమాన సంస్థ బల్ల దగ్గర ఫిర్యాదు రాయించి, నంబరు తీసుకోవాలి. పెట్టెకు కట్టిన చీటీ తునక వాళ్లకు చూపించాలి. పెట్టె ఫొటో ఒకటి ఫోనులో వుంటే మరీ మంచిది. "నల్లపెట్టె" అని చెబితే ఆ గుమాస్తా నావైపు జాలిగా చూశాడు.

ఆనాడు ఆదివారం. గ్రీసులో ఆదివారం మందుల షాపులు వంతు ప్రకారమే తెరుస్తారు. మూసివున్న షాపు తలుపు మీద ఆ పూట తెరిచివుండేవాటి పేర్లు అంటిస్తారు. ఆకుపచ్చ సిలువ గుర్తు చూసుకుంటూ నడిచి ఒకటి పట్టుకున్నాం. నేను మందు పేరు చెప్పాను. ఆమె తల అడ్డంగా వూపింది. మన కంపెనీలు పెట్టిన పేర్లు వాళ్లకేం తెలుస్తాయి? అప్పుడు మా ఆవిడ తన సంచీలోంచి ఒక కాగితం తీసింది. బయలుదేరే ముందు డాక్టరుగారి దగ్గరికి వెళ్లి, ఆమ్లోడిపిన్ ఇంత, లెవోథైరాక్సిన్ ఇంత అని మందుల అసలు పేర్లు ఇంగ్లీషులో విడమరిచి రాయించి పెట్టుకున్నదట. "యాత్రకి వెళుతున్నామా, ఆస్పత్రికా?" అని ఆనాడు నేను వేళాకోళం చేశాను. షాపులో ఆమె చదివి, లోపలికి వెళ్లి, రెండు పెట్టెలు తెచ్చి ఇచ్చింది. నేను నోరు మూసుకుని డబ్బు చెల్లించాను.

సోమవారం ఓడ కదిలింది. పెట్టె మంగళవారం ఏథెన్సు చేరిందట. అప్పటికి మేము తుర్కీలో వున్నాం. శుక్రవారం దాకా అమ్మ కోడలి చీరలే కట్టింది. "పెట్టె రాకపోతేనేం, నేను వచ్చాను కదా!" అని మమ్మల్నే ఓదార్చింది.

కాళ్ల సంగతి. ఏథెన్సు కొండమీది పాలరాళ్లు లక్షల పాదాలు తొక్కి అద్దాల్లా నునుపెక్కాయి. జారని రబ్బరు అడుగున్న బూట్లు కావాలి. కొత్తవి అక్కడే మొదటిసారి తొడిగితే బొబ్బలు ఖాయం. నెల ముందునుంచీ మా కాలేజీ మైదానంలో అమ్మ చీరమీద బూట్లతో రోజూ అరగంట నడిచింది. మా విద్యార్థులు లేచి నమస్కారాలు పెట్టేవారు. సాంతోరినిలో పెద్ద ఓడ ఒడ్డుకు రాదు. చిన్న పడవల్లో దింపుతారు. పాత రేవునుంచి పైవూరికి దాదాపు ఆరువందల మెట్లు. తీగెమీద నడిచే పెట్టెలున్నాయి గాని, సాయంత్రం అందరూ ఒక్కసారే దిగుతారు కాబట్టి వరుస పెద్దది. ఓడ ఎవరికోసమూ ఆగదు. గంటన్నర ముందే వరుసలో చేరండి.

తిండి సంగతి. నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు ఐరోపాలోకి తీసుకుపోనివ్వరు. కందిపొడి, కారప్పొడి తీసుకువెళ్లండి. ఆవకాయ అయితే గట్టిగా మూతబిగించి పెద్దపెట్టెలో పెట్టండి. 100 మిల్లీలీటర్లు మించిన నూనె సరుకుని చేతిసంచీలో రానివ్వరు. ఇంట్లో చేసిన తినుబండారాల్ని చాలా ఓడలు ఒప్పుకోవు. ఇస్త్రీపెట్టె, కాఫీ కాచే కరెంటు పాత్ర కూడా అంతే. సాంతోరినిలో 'ఫావా' అని ఒక వంటకం పెట్టారు. అమ్మ ఒక ముద్ద నోట్లో వేసుకుని, "ఓరి, ఇది ముద్దపప్పేరా!" అన్నది. పైన ఉల్లిపాయా, ఆలివు నూనే మాత్రం అధికం.

ఓడలో గది అడిగేటప్పుడు కింది అంతస్తులో, నడిమధ్యన అడగండి. అక్కడ వూపు తక్కువ. మీరు మే నెలలో వెళ్లడం మంచిదే. జూలై, ఆగస్టుల్లో ఆ సముద్రం మీద ఉత్తరపు గాలి జోరెక్కువ. ఎక్కగానే ప్రమాద శిక్షణ వుంటుంది: ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. నిర్లక్ష్యం చేయకండి. చివరిరాత్రి పెద్దపెట్టెలు గది బయట పెట్టమంటారు. పొద్దున కట్టుకునే బట్టలు దగ్గర వుంచుకోండి. మా బృందంలో ఒక ప్లీడరుగారు అది మరిచి లుంగీతో రేవులో దిగారు.

కాబట్టి చేతిసంచీలో వుండవలసినవి ఇవీ: పాస్‌పోర్టు, వాటి నకళ్లు, పదిహేను రోజుల మందులు, డాక్టరుగారి చీటీ, కళ్లజోడు, ఒక జత బట్టలు, ఫోనుకి కరెంటు నింపే బ్యాటరీ. ఈ బ్యాటరీని పెద్దపెట్టెలో పెట్టనివ్వరు కూడాను. భార్యాభర్తలు తమ బట్టలు రెండు పెట్టెల్లోనూ కలిపి సర్దుకుంటే, ఒకటి రాకపోయినా ఇద్దరికీ గడుస్తుంది.

ఇంకొకటి వుంది. అది ఏ యాత్రా సంస్థ జాబితాలోనూ కనబడదు.

శుక్రవారం ఏథెన్సు హోటల్లో అమ్మ పెట్టె చేతికొచ్చింది. తెరిచి చూస్తే, చీరల మధ్య తువ్వాలులో చుట్టి నాన్నగారి ఫొటో. "ఆయన్ని కూడా ఒకసారి ఓడెక్కిద్దామనుకున్నాన్రా. పోనీలే" అని అమ్మ దాన్ని మళ్లీ చుట్టబెట్టింది. నాలుగు రాత్రులు పక్కగదిలోనే వుండి ఒక్కమాట చెప్పలేదు. చెబితే మేము బాధపడతామని.

అందుచేత, అమ్మా, పెట్టె సర్దేనాడు మీవారిని ఒక్కమాట అడగండి, ఆయన్ని కూడా మిమ్మల్ని అడగమనండి: "ఇందులో ఏది లేకపోతే మీకు యాత్ర యాత్ర కాదు?" అని. అదేదో తెలుసుకుని ముందు దాన్ని చేతిసంచీలో పెట్టండి. మేము అడగలేదు.

వెళ్లి వచ్చాక ఒక ఉత్తరం రాయండి.