మందు డబ్బాలో లేదు.. నారుమడిలో ఉంది

నిన్న సాయంత్రం దాకా పచ్చగా కళకళలాడిన టమోటా మొక్క ఎండ ఎక్కేసరికి తల వాల్చేస్తుంది. ఆకు పండదు, మచ్చ పడదు. నీళ్ళు చాలలేదేమోనని రైతు మరో తడి పెడతాడు. నాలుగు రోజుల్లో పక్క మొక్క, ఆ పక్క మొక్క.. సాలుకు సాలే పడిపోతుంది. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లోనూ, బెంగళూరు చుట్టుపక్కలా టమోటా, వంకాయ, బంగాళాదుంప పండించేవాళ్ళకు ఈ బాధ కొత్త కాదు. కన్నడంలో దీన్ని ‘దుండాణు సొరగు రోగ’ అంటారు. తెలుగులో బాక్టీరియా ఎండు తెగులు.

తోట వాడగానే రైతు మొదటి పరుగు మందుల కొట్టుకే. బూజు మందొకటి, యాంటీబయాటిక్ పొడి ఒకటి చేతికొస్తాయి. డబ్బూ పోతుంది, తోటా పోతుంది. ఎందుకంటే రాల్‌స్టోనియా అనే ఈ బాక్టీరియా కాపురం నేలలో. నులిపురుగులు చేసిన గాయాల గుండానో, కలుపు తీసేటప్పుడు తెగిన వేళ్ళ గుండానో లోపలికి దూరి, నీటిని పైకి మోసే నాళాలను పూడ్చేస్తుంది. గొట్టం లోపల అడ్డుపడితే ఆకు మీద ఎంత మందు కొట్టి ఏం లాభం? పైగా పైర్లపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల వాడకాన్ని దశలవారీగా మాన్పించేందుకు 2021 డిసెంబరులోనే కేంద్రం ముసాయిదా ఉత్తర్వు ఇచ్చింది. మనుషుల ప్రాణాలు కాపాడాల్సిన మందులను పొలాల్లో పారబోస్తే అవి రేపు ఆస్పత్రిలోనూ పనిచేయకుండా పోతాయి.

డబ్బు ఖర్చు పెట్టేముందు చేయాల్సిన పరీక్షకు పైసా ఖర్చు లేదు. వాడిన మొక్క కాండాన్ని మొదట్లో కోసి, తేట నీళ్ళున్న గ్లాసులో కోసిన కొన మునిగేలా కదలకుండా పట్టుకోవాలి. కొద్ది నిమిషాల్లో తెల్లటి పాలధార లాంటిది కిందికి జారితే అది బాక్టీరియా తెగులే. అలాంటి మొక్కను వేళ్ళతో సహా పెరికి తోట బయట కాల్చేయాలి. కాలువ గట్టున పడేస్తే తెగులును నీళ్ళతో పాటు కింది మడికి పంపినట్టే. ఆ సాలులో వాడిన పార, కొడవలి కడగకుండా పక్క సాలులో పెట్టకూడదు.

ఈ బాక్టీరియాను అమెరికా శాస్త్రవేత్త ఎర్విన్ స్మిత్ 1896లోనే వర్ణించారు. 200కు పైగా మొక్క జాతులకు ఇది సోకుతుంది. టమోటా తీసి వంకాయ, వంకాయ తీసి మిరప వేస్తే దానికి మూడు పూటలా భోజనం పెట్టినట్టే. రాగి, మొక్కజొన్న మీద మాత్రం దాని ఆట సాగదు. కోలారు సీమలో తాతల నాటి నుంచి ఉన్న రాగి చేనే ఇక్కడ మంచి వైద్యం. అయితే 2023 జులైలో కిలో వంద రూపాయలు దాటిన ధర చూసిన రైతును టమోటా మానేసి రాగి వేయమంటే వింటాడా? ఆ మాట చెప్పి చేతులు దులుపుకుంటే సరిపోదు.

అసలు పరిష్కారం బెంగళూరు పొలిమేరలోనే ఉంది. హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఈ తెగులును తట్టుకునే అర్క ఆభ, అర్క ఆలోక్ టమోటా రకాలను ఎప్పుడో ఇచ్చింది. ఆ తర్వాత వచ్చిన అర్క రక్షక్ సంకరం ఎండు తెగులుతో పాటు ఆకుముడత వైరస్‌నూ, ఆకుమాడునూ తట్టుకుంటుంది. వంకాయలో అర్క నిధి, అర్క కేశవ్, అర్క ఆనంద్ ఉన్నాయి.

మరి రైతు ఎందుకు వేయడం లేదంటే, దూరం లారీలకు తట్టుకునే కాయే కావాలని మండీలో వ్యాపారి అడుగుతాడు. నర్సరీ ఆ నారే పోస్తుంది. ఈ చిక్కుకు విరుగుడు అంటు నారు. తెగులును తట్టుకునే వంగ వేరుపై మార్కెట్ కోరే టమోటాను అంటుకడితే కాయ వ్యాపారికి నచ్చినదే, వేరు రైతును కాపాడేదీ అవుతుంది. వియత్నాంలోని లామ్‌డాంగ్ రైతులు అంటుకట్టిన టమోటాతోనే ఈ తెగులును నెట్టుకొస్తున్నారు. ఏ వేరైనా సర్వరోగ నివారిణి కాదు. నేల బాగా వేడెక్కినా, బాక్టీరియా రకం మారినా పట్టు సడలవచ్చు. అందుకే అంటుతో పాటు పంట మార్పిడీ ఉండాలి.

అంటు నారు మామూలు నారుకంటే ఖరీదు. ఆ తేడాను రాయితీగా భరించాల్సింది ప్రభుత్వమే. ఏ రకం, ఏ వేరు, ఏ మట్టిలో పెంచిందీ నారు ట్రేపై రాసి ఇవ్వాలని నర్సరీలకు నిబంధన పెట్టాలి. మదనపల్లె, కోలారు మధ్య నారూ కాయా రోజూ అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు రెండు రాష్ట్రాల ఉద్యాన శాఖలూ కలిసి కూర్చోవాలి. సలహా కన్నడంతో పాటు తెలుగులోనూ గడప దాకా రావాలి. తోట వాలిపోయాక డబ్బాలకు పోసే డబ్బులో కొంత నాటకముందే మంచి వేరుకు పెడితే, గ్లాసులో పాలధార చూసి గుండె జారే రోజు చాలామందికి తప్పుతుంది.