కార్డులో మీ పేరుందా, అమ్మా?

ఆయన రిటైరయ్యాక ఇంట్లో లెక్కలన్నీ వేసుకుంటాం. పింఛనెంత, బ్యాంకులో ఉన్నదెంత, బియ్యానికి, పాలకు నెలకెంత అని. ఆసుపత్రి లెక్క మాత్రం ఒంట్లో బాగాలేని రోజునే గుర్తొస్తుంది. ఆ రోజు మెడలో గొలుసు తాకట్టు దాకా పోకూడదంటే, ఈ వారమే బీరువాలోని కార్డులన్నీ తీసి ముందు పెట్టుకోండి.

జగిత్యాలలో ఒక రిటైరైన ప్రభుత్వ టీచరు గారి ఇల్లనుకుందాం. ఆయనకు ఉద్యోగుల ఆరోగ్య పథకం, అంటే ఈ.హెచ్.ఎస్. ఉంటుంది. పింఛనుదారుతో పాటు భార్యకూ వర్తిస్తుంది. ఏ ఆసుపత్రిలో ఆ కార్డు తీసుకుంటున్నారో మాత్రం ముందే కనుక్కోవాలి.

కోరుట్లలో బీడీలు చేసిన అక్కకు, సిరిసిల్లలో సాంచాలు నడిపిన అన్నకు ఆహార భద్రత కార్డుంటే ఆరోగ్యశ్రీ ఉన్నట్టే. 2023 డిసెంబరు 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా. పాత జబ్బు అని పక్కన పెట్టరు, ప్రీమియం లేదు. అయితే జాబితాలో ఉన్న చికిత్సలకే, జాబితాలో ఉన్న ఆసుపత్రులలోనే. రోజూ వేసుకునే బీపీ, షుగరు మాత్రల ఖర్చు మనదే. 2025లో బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపిన రోజులూ ఉన్నాయి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి గనుక ఆ పెద్దాసుపత్రులను కూడా మనసులో పెట్టుకోండి.

ఇక చిక్కంతా మూడో ఇంట్లో. ఆయన బట్టల దుకాణంలో గుమాస్తాగా చేసి మానుకున్నారు. సర్కారు పింఛను లేదు, రేషను కార్డూ లేదు. ఇలాంటి వారికోసం కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. 70 ఏళ్లు నిండితే చాలు, ఆదాయంతో పని లేదు, 5 లక్షల దాకా వైద్యం. మన దగ్గర ఏ ఆసుపత్రిలో తీసుకుంటున్నారో 14555కు ఫోను చేసి అడగండి.

ఆయనకు 72 ఏళ్లు. మరి ఆవిడకు? 64. ఆ కార్డు ఆవిడకు రాదు! మన ఇళ్లలో భార్య ఐదారేళ్లు చిన్నదే కదా. ఆయనకు కార్డు వచ్చిందని ఇల్లంతా నిశ్చింతగా ఉంటుంది గానీ, ఆవిడ మోకాలు, ఆవిడ గుండె ఎవరి లెక్కలోనూ ఉండవు.

అందుకే నా మాట: ప్రైవేటు పాలసీకి డబ్బు పెట్టగలిగితే, ఏ కార్డూ లేని మనిషి పేరున ముందు పెట్టండి. ఇద్దరికీ కలిపి ఒకే పాలసీ తీసుకుంటే పెద్దవారి వయసును బట్టి ప్రీమియం వేస్తారు. ఆవిడ ఒక్కదానికే తీసుకుంటే తగ్గుతుంది. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరన్న పాత నిబంధన 2024 ఏప్రిల్ నుంచి పోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి సొంతంగా తీసుకునే పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా తీసేశారు. అంతకుముందు 25,000 ప్రీమియానికి 29,500 కట్టాల్సి వచ్చేది.

సంతకం పెట్టే ముందు ఈ నాలుగూ అడగండి:

1. ఇప్పటికే ఉన్న జబ్బులకు ఎన్నాళ్లు ఆగాలి? మూడేళ్లకు మించి ఆపకూడదు.

2. బిల్లులో మనం ఎంత కట్టాలి? ఆరోగ్య సంజీవని పాలసీలో 5 శాతం మనదే. లక్ష బిల్లయితే 5,000.

3. గది అద్దెకు, కంటి శుక్లాల ఆపరేషనుకు పరిమితి ఎంత?

4. మన ఊరికి దగ్గరలో డబ్బు కట్టకుండా చేర్చుకునే ఆసుపత్రి ఏది?

షుగరు, బీపీ ఉంటే దాచకండి. ఏజెంటు 'ఏం కాదులెండమ్మా' అన్నా సరే, ఫారంలో రాయించండి. దాచిపెట్టింది బయటపడితే కట్టిన ప్రీమియమంతా నీళ్లపాలే.

ఇంటికి దీపం ఇల్లాలంటారు. ఆ దీపం పేరు ఏదో ఒక కార్డు మీద ఉందో లేదో, ఇవాళ అన్నాలయ్యాక ఒకసారి చూసుకోండి.