ఫిట్స్ అన్నీ ఒకటి కావు.. ఒకరికి పనిచేసిన మందు ఇంకొకరికి చేటు చేయొచ్చు!

సికింద్రాబాద్: రైల్వే స్టేషన్‌లోనో, బస్టాప్‌లోనో ఎవరైనా ఫిట్స్‌తో పడిపోతే చుట్టూ జనం మూగుతారు. "చేతిలో తాళం చెవులు పెట్టండి" అని ఒకరంటారు. ఉల్లిపాయ వాసన చూపించమని ఇంకొకరు. రెండు నిమిషాల్లో మనిషి తేరుకుంటే తాళం చెవులే కాపాడాయని అందరూ నమ్ముతారు. అసలు విషయం ఏంటంటే, చాలావరకు ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతట అవే ఆగిపోతాయి. ఇనుముకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఆ రెండు నిమిషాల్లో చేయాల్సిన ముఖ్యమైన పని వేరే ఉంది. మనిషికి దెబ్బ తగలకుండా చూస్తూ, ఫిట్స్ ఎలా మొదలైందో గమనించడం. ఏ మందు ఇవ్వాలో డాక్టర్ తేల్చుకునేది ఎక్కువగా ఆ వివరం మీదే.

లెక్క మార్చిన నిపుణులు

మూర్ఛపై పనిచేసే అంతర్జాతీయ వైద్యుల సంఘం ఐఎల్ఏఈ, 2025లో ఫిట్స్ వర్గీకరణను సవరించింది. 2017 నాటి జాబితాలో ఉన్న 63 రకాలను 21కి కుదించింది. అంతకంటే పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. ఫిట్స్ సమయంలో రోగికి స్పృహ ఉందా లేదా, ముందు ఏ లక్షణం కనిపించింది, తర్వాత ఏం జరిగింది అన్న వరుసకు ప్రాధాన్యం పెంచింది. అంటే పక్కనున్నవాళ్లు చెప్పే మాటకు విలువ ఇంకా పెరిగింది.

ఏ రకం ఎలా ఉంటుంది?

మెదడులో ఒక చోట మొదలయ్యేవి ఫోకల్ ఫిట్స్. ఒక చెయ్యి మాత్రమే కొట్టుకోవడం, నోరు చప్పరించడం, పిలిచినా పలక్కుండా బట్టలు తడుముకోవడం లాంటివి కనిపిస్తాయి. మన దేశంలో వీటికి ముఖ్య కారణాల్లో ఒకటి బద్దెపురుగు గుడ్లు. కలుషితమైన నీళ్లు, శుభ్రంగా కడగని కూరగాయలతో కడుపులోకి చేరి, మెదడులో తిత్తులుగా మారతాయి.

మెదడు రెండు వైపులా ఒకేసారి మొదలయ్యేవి జనరలైజ్డ్ ఫిట్స్. కాళ్లూ చేతులూ బిగుసుకుని కొట్టుకోవడం అందరికీ తెలిసిన రకం. తెలియని రకాలూ ఉన్నాయి. పిల్లాడు తరగతిలో కొన్ని సెకన్లు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాడు. టీచర్ పరధ్యానం అనుకుంటారు. అది ఆబ్సెన్స్ ఫిట్స్ కావచ్చు. ఇంకొందరికి పొద్దున్నే నిద్ర లేచాక చెయ్యి ఒక్కసారిగా ఎగిరి టీ గ్లాసు జారిపోతుంది. ఇంట్లోవాళ్లు అజాగ్రత్త అని తిడతారు. అది మయోక్లోనిక్ ఫిట్స్ కావచ్చు.

మందు మారితే ముప్పే

ఫోకల్ ఫిట్స్‌కు కార్బమాజెపైన్, లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ లాంటివి వాడతారు. ఆబ్సెన్స్ రకానికి ఇథోసక్సిమైడ్ లేదా సోడియం వాల్‌ప్రోయేట్ ఇస్తారు. తిరకాసు ఇక్కడే ఉంది. ఫోకల్ ఫిట్స్‌ను బాగా అదుపు చేసే కార్బమాజెపైన్, ఫెనిటోయిన్‌లు ఆబ్సెన్స్, మయోక్లోనిక్ రకాలను ఇంకా పెంచగలవు. మందు వేసుకుంటున్నా ఫిట్స్ ఎక్కువయ్యాయంటే జబ్బు ముదిరిందనే అనుకోనక్కర్లేదు. రకాన్ని సరిగా గుర్తించకపోయి ఉండొచ్చు. పక్కింటాయన చీటీ చూసి అవే మాత్రలు కొనుక్కోవడం ప్రమాదమని చెప్పేది ఇందుకే.

ఆడపిల్లల విషయంలో ఇంకో చిక్కు

సోడియం వాల్‌ప్రోయేట్ చాలా రకాల ఫిట్స్‌పై పనిచేస్తుంది. కానీ గర్భిణి వాడితే 100 మంది పిల్లల్లో దాదాపు 10 మందికి పుట్టుకతో లోపాలు వచ్చే ముప్పుందని, 30 నుంచి 40 మందికి ఎదుగుదల సమస్యలు రావొచ్చని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. 2024 జనవరి నుంచి అక్కడ 55 ఏళ్లలోపు వారికి ఈ మందు కొత్తగా మొదలుపెట్టాలంటే ఇద్దరు స్పెషలిస్టులు ఒప్పుకోవాలి.

మన దగ్గర సమస్య పెళ్లి చూపుల దగ్గరే మొదలవుతుంది. సంబంధం చెడుతుందని అమ్మాయికి ఫిట్స్ ఉన్న సంగతి దాస్తారు. పెళ్లయ్యాక అత్తారింట్లో తెలుస్తుందని మాత్రలు ఆపేస్తారు. గర్భం వచ్చాక భయంతో ఆపేవారూ ఉన్నారు. మందు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి తల్లీబిడ్డ ఇద్దరి ప్రాణాల మీదికీ వస్తుంది. మార్చాల్సిన మందును గర్భం రాకముందే, డాక్టర్ సలహాతో మెల్లగా మార్చాలి. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ ఈ విషయంలో మిగతావాటికంటే సురక్షితమని తేలింది. ఇక చట్టం మాటకొస్తే, మూర్ఛ ఉంటే పెళ్లికి అనర్హులన్న నిబంధనను హిందూ వివాహ చట్టం నుంచి 1999లోనే తీసేశారు. చట్టం మారి పాతికేళ్లు దాటినా భయం మాత్రం పోలేదు.

ఫిట్స్ వస్తే మూర్ఛ జబ్బేనా?

కాదు. 2020 డిసెంబరులో ఏలూరులో 500 మందికి పైగా జనం ఉన్నట్టుండి జబ్బుపడ్డారు. చాలామంది ఫిట్స్‌తో పడిపోయారు. సికింద్రాబాద్‌ను ఆనుకుని తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ నుంచి ఒక బృందం అక్కడికి వెళ్లి నమూనాలు తీసుకుంది. ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో కొందరి రక్తంలో సీసం, నికెల్ బయటపడ్డాయి. వాళ్లకు అంతకుముందు మూర్ఛ లేదు. తీవ్ర జ్వరం, షుగర్ పడిపోవడం, మద్యం ఒక్కసారిగా మానేయడం వల్ల కూడా ఫిట్స్ వస్తాయి. వీటిలో కారణానికి చికిత్స చేయాలి. ప్రతి ఒక్కరికీ ఏళ్ల తరబడి మాత్రలు అక్కర్లేదు.

మరి ఏం చేయాలి?

జిల్లాల నుంచి రైలెక్కి గాంధీ ఆసుపత్రికో, నగరంలోని ఇంకో ఆసుపత్రికో వచ్చే రోగికి డాక్టర్ ముందు కూర్చున్నప్పుడు ఫిట్స్ ఉండదు. ఈఈజీ కూడా చాలాసార్లు మామూలుగానే వస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు సెల్‌ఫోన్‌లో తీసిన వీడియో ఉంటే ఎంతో మేలు. ముందు రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు, గట్టిగా పట్టుకోకూడదు. టైమ్ చూసుకోవాలి. ఫిట్స్ 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయాలి. ఆ తర్వాతే వీడియో.

సరైన రోగనిర్ధారణ, సరైన మందు ఉంటే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం మంది వరకూ ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కార్బమాజెపైన్, లెవెటిరాసెటమ్, వాల్‌ప్రోయేట్ మూడూ మన దేశ అత్యవసర మందుల జాబితాలోనే ఉన్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు పాత చీటీలు, వాడిన మాత్రల పేర్లు, ఫిట్స్ వచ్చిన తేదీలు వెంట తీసుకెళ్లండి. చూసినవాళ్లను కూడా తోడు తీసుకెళ్లండి. ఎందుకంటే ఫిట్స్ వచ్చినప్పుడు ఏం జరిగిందో చాలాసార్లు రోగికే గుర్తుండదు.