వోల్టేజి పెంచితే లాభమెంత, నష్టమెంత?

కంప్యూటరు తెరమీద దృశ్యాలను రూపొందించే బాధ్యత గ్రాఫిక్స్ కార్డుది. వీడియో ఆటలు ఆడేవారికీ, చలనచిత్రాలు కూర్చేవారికీ, కృత్రిమ మేధతో పనిచేసేవారికీ అది ప్రాణాధారమైన భాగం. మంచి కార్డు వెల చాలామంది నెల జీతానికి తీసిపోదు. అంత సొమ్ము పోసి కొన్న వస్తువునుండి మరికాస్త వేగం రాబట్టుకోవాలన్న కోరిక సహజమే. అందుకు కొందరు అనుసరించే మార్గం, తయారీదారు నిర్ణయించిన దానికంటె ఎక్కువ వోల్టేజిని చిప్పుకు అందించడం.

ముందుగా ఒక అపోహ తొలగించుకోవాలి. వోల్టేజి పెంచినంత మాత్రాన వేగం పెరగదు. వేగాన్ని నిర్ణయించేది చిప్పులోని గడియారపు పౌనఃపున్యం. ఆ గడియారం ఒక్కసారి కొట్టుకొని మళ్ళీ కొట్టుకొనే లోపల అసంఖ్యాకమైన ట్రాన్సిస్టర్లు తమ పని ముగించాలి. పౌనఃపున్యాన్ని మితిమీరి పెంచితే వాటికి వ్యవధి చాలక లెక్కలు తప్పుతాయి. తెరమీద వింత మచ్చలు కనబడతాయి, లేదా కంప్యూటరు స్తంభించిపోతుంది. వోల్టేజి కాస్త హెచ్చిస్తే ట్రాన్సిస్టర్లు మరింత చురుకుగా స్పందిస్తాయి. అప్పుడు ఆ హెచ్చు పౌనఃపున్యం నిలకడగా సాగుతుంది. ప్రయోజనమంతా ఇదే.

దీనికి చెల్లించవలసిన మూల్యం మాత్రం లాభంతో సమానంగా పెరగదు. ట్రాన్సిస్టర్లు పనిచేయడానికి పట్టే విద్యుచ్ఛక్తి పౌనఃపున్యానికి అనులోమంగా పెరిగితే, వోల్టేజి విషయంలో దాని వర్గానికి అనులోమంగా పెరుగుతుంది. ఉదాహరణకు 1 వోల్టు వద్ద 200 వాట్లు తీసుకొనే చిప్పుకు 1.1 వోల్టులిచ్చి, పౌనఃపున్యాన్ని 5 శాతం పెంచామనుకుందాం. ఖర్చు సుమారు 254 వాట్లవుతుంది. అంటే, మహా అయితే 5 శాతం వేగం కోసం 27 శాతం అదనపు విద్యుత్తు! అదంతా చివరకు వేడిగా మారవలసిందే. వేసవిలో గదిలోని గాలే నిప్పులు చెరుగుతున్నప్పుడు, ఆ గాలితోనే చల్లబడవలసిన కార్డు అవస్థ ఊహించుకోవచ్చు.

భారం చిప్పుమీదనే పడదు. కార్డుకు ముఖ్యంగా 12 వోల్టుల వద్ద అందే విద్యుత్తును సుమారు 1 వోల్టుకు దించే నియంత్రక వలయం కార్డుమీదనే ఉంటుంది. 1 వోల్టు వద్ద 200 వాట్లంటే 200 ఆంపియర్ల ప్రవాహం. పెంచిన ప్రతి పిసరూ ఈ వలయాన్నీ వేడెక్కిస్తుంది.

2011 మార్చిలో ఎన్విడియా విడుదల చేసిన జీటీఎక్స్ 590 ఉదంతం ఇందుకు సాక్ష్యం. ఒకే కార్డుపై రెండు చిప్పులను అమర్చి, వాటిని 607 మెగాహెర్ట్జ్ వద్ద నిలిపారు. ఇంచుమించు అదే చిప్పు ఒంటరిగా ఉన్న జీటీఎక్స్ 580 నడిచేది 772 వద్ద. ఈ తేడా చూసి ఎవరికి ఆశ పుట్టదు? కాని కార్డు నిర్ణీత వినియోగం అప్పటికే 365 వాట్లు. దాని రెండు ప్లగ్గులూ, మదర్‌బోర్డు స్లాటూ కలిసి ఇవ్వడానికి నిర్దేశించినది 375 మాత్రమే. వోల్టేజి పెంచి చూసిన సమీక్షకుల చేతుల్లోనే కొన్ని కార్డులు కాలిపోయాయి. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్లయింది.

అలా భగ్గుమనే ప్రమాదం ఎదుటపడి కనిపిస్తుంది. కనిపించనిది మరొకటుంది. సన్నని తీగలలో గాఢంగా ప్రవహించే ఎలక్ట్రాన్లు లోహపు పరమాణువులను కొద్దికొద్దిగా నెట్టుకుపోతాయి. ఏటి ప్రవాహానికి గట్టు కోసుకుపోయినట్లు, ఏళ్ళు గడిచేసరికి తీగ తెగవచ్చు. ఈ అరుగుదలను ప్రవాహ సాంద్రతతోనూ, ఉష్ణోగ్రతతోనూ ముడిపెట్టే సమీకరణాన్ని మోటరోలా శాస్త్రజ్ఞుడు జేమ్స్ బ్లాక్ 1969 నాటికే అందించాడు. నిన్నటిదాకా నిలకడగా నడిచిన వేగమే నేడు తడబడుతున్నదంటే, చిప్పు వయసు మీరుతున్నదని అనుమానించవలసిందే.

చిత్రమేమిటంటే, నేటి కార్డులకు తరచు మేలు చేసేది ఇందుకు విరుద్ధమైన పని. నిర్ణీత వాట్ల పరిమితికి లోబడి అవి తమ వేగాన్ని తామే సర్దుకుంటాయి. వోల్టేజిని జాగ్రత్తగా కాస్త తగ్గిస్తే వేడి తగ్గుతుంది. మిగిలిన వాట్లు వేగానికి దక్కుతాయి. 2017లో వచ్చిన ఏఎమ్‌డీ వేగా కార్డుల యజమానులు ఈ కిటుకును బాగా వంటబట్టించుకున్నారు. తగ్గింపు మితిమీరితే యంత్రం ఆగిపోవచ్చు గాని, సాధారణంగా కాలిపోదు.

పందేలకోసం ఒక పూట పరుగెత్తించేవారి సంగతి వేరు. వారు పోగొట్టుకోవడానికి సిద్ధపడే దిగుతారు. ఏళ్ళ తరబడి పనిచేయించుకోవలసినవారు మొదట దుమ్ము దులిపి, గాలి ఆడేలా చూసుకొని, వారంటీ షరతులు చదువుకోవాలి. ఆ తరువాతనే వోల్టేజి జోలికి పోవాలి. అప్పుడైనా, పెంచబోయే ముందు ఒకసారి తగ్గించి చూడడం వివేకం.