నేల మీది సంతకం

విమానం కదలాలంటే కెప్టెన్ సంతకం ఒక్కటే చాలదు. అమెరికాలో షెడ్యూల్డ్ విమానయాన సంస్థల్లో నేల మీదుండి ప్రయాణాన్ని ప్లాన్ చేసే డిస్పాచర్ కూడా సంతకం పెట్టాలి. భద్రత ఇద్దరి ఉమ్మడి బాధ్యత. డిస్పాచర్ సర్టిఫికెట్‌కు 23 ఏళ్లు నిండాలి. కోర్సు దారిలో వచ్చేవారికి కనీసం 200 గంటల శిక్షణ, 80 ప్రశ్నల రాతపరీక్ష, ఆపైన ఎగ్జామినర్ ఎదుట ప్రాక్టికల్. బట్టీపట్టి రాతపరీక్ష గట్టెక్కొచ్చు. కానీ దిగాల్సిన ఊరిమీద ఉరుములు ముసురుకున్నాయి; పక్క విమానాశ్రయానికి మళ్లాల్సి వస్తే, అక్కడికి చేరాక ఇంకో 45 నిమిషాల ఇంధనం మిగులుతుందా? లెక్క తేలకపోతే, పైవాళ్లు గడియారం చూపిస్తున్నా సరే, ‘ఇప్పుడు వద్దు’ అనగలగాలి. ఆ తెగువ బట్టీతో రాదు. శిక్షణ కేంద్రాలు మార్కులకంటే ముందు నేర్పాల్సింది ఆ రెండు మాటలే.