అడగనిదే అమ్మయినా పెట్టదు

లోవర్ హట్‌లోని మనవాళ్ళ ఇళ్ళలో పిల్లల చదువు గురించి రెండు మాటలే వినిపిస్తాయి. ఒకటి, "మావాడు క్లాసులో ఫస్టు". రెండు, "వాడికింకా వయసుంది కదండీ". ఈ రెండో మాట మీదే మా కోపం. రెండేళ్ళపాటు మేమూ అదే అన్నాం కనుక అందులో సగం మా మీదే.

మేము వైద్యులం. రోగం దాచవద్దని రోజూ పదిమందికి చెప్పేవాళ్ళం. తీరా ఏడేళ్ళు నిండినా మా అబ్బాయి అక్షరాలు కూడబలుక్కుంటూ ఉంటే, టీచరు మెల్లిగా ఎత్తిన ప్రస్తావనను నవ్వి దాటేశాం. నలుగురూ ఏమనుకుంటారోనని భయం. ఇంట్లో తెలుగు మాట్లాడడం వల్లనేమో అని ఆవిడ అంటే, అదే బాగుందని తెలుగు మానేశాం. రెండు భాషలు వింటే చదువు చెడదని తెలిసి కూడా! వాడికి చదవడం రాలేదు సరికదా, ఫోనులో అమ్మమ్మతో మాట కూడా పోయింది.

బడిని సాయమడగడం బిచ్చమెత్తడం కాదు. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రభుత్వ బడుల్లో తక్కినవారితో సమానమైన హక్కును 1989 విద్యాచట్టం 8వ సెక్షను ఇచ్చింది. 2020 చట్టం 34వ సెక్షను దాన్ని నిలబెట్టింది. డిస్లెక్సియాను ఇక్కడి విద్యాశాఖ గుర్తించింది 2007లో.

అయితే చట్టం తనంత తాను ఇంటికి నడిచి రాదు. ఓఆర్ఎస్ అనే పెద్ద సాయం నూటికి సుమారు ఒక్కరికే అందుతుంది. మిగిలినవారికి బడికొచ్చే గ్రాంటు, ఆర్.టి.ఎల్.బి. టీచర్లు. వారిని పిలవవలసింది బడి. బడిని కదిలించవలసింది మనం. అల్లరి చేయని పిల్లవాడు క్లాసులో ఎవరి కంటా పడడు. మన పిల్లల అణకువే వాళ్ళకు శత్రువు. తల్లిదండ్రుల అణకువ అంతకంటే పెద్ద శత్రువు.

"ఊరుకాని ఊళ్ళో బడివాళ్ళతో తగవెందుకు?" అంటారు కొందరు. అడగడం తగవెలా అవుతుంది? ముందు కళ్ళూ చెవులూ పరీక్ష చేయించండి. బడిలో ఈ పనులు చూసే సెంకోను కలవండి. చెప్పదలచింది కాగితం మీద రాసి ఇవ్వండి. ఎవరు, ఏ పని, ఎప్పటిలోగా చేస్తారో ఐఇపిలో రాయించండి. టర్ము చివర మళ్ళీ వెళ్ళి, ఏమైందని అడగండి. ఇంట్లో మాత్రం తెలుగు మానకండి.

వచ్చే ఉగాదికి మావాడు పద్యం చూసి చదవలేకపోవచ్చు. అందుకు మేము సిగ్గుపడము. వాడి రెండేళ్ళు మా పరువు కోసం ఖర్చు చేసినందుకు సిగ్గుపడుతున్నాము.