మంచితనం చాటున మరుగుపడిన నటుడు

గ్రెగరీ పెక్ అభిమానులు నలుగురు కలిస్తే చెప్పుకునే కథలు కొన్ని ఉన్నాయి. అందరికీ తెలిసినవే. అయినా ఎవరో ఒకరు మొదలుపెడతారు, తక్కినవాళ్లు మొదటిసారి వింటున్నట్టే వింటారు.

మొదటి కథ 'రోమన్ హాలిడే' (1953) నాటిది. అప్పటికి ఆడ్రీ హెప్‌బర్న్ హాలీవుడ్‌కు కొత్త. ఒప్పందం ప్రకారం చిత్రం పేరుకు పైన ఉండవలసింది పెక్ పేరొక్కటే. షూటింగు కొంత సాగాక ఆయనే తన ఏజెంటుకు ఫోను చేసి, ఆమె పేరును కూడా తన పేరుతో సమానంగా వేయించమన్నాడు. ఈ అమ్మాయికి ఆస్కార్ వచ్చి తీరుతుంది, అప్పుడు పైన నా పేరొక్కటే ఉంటే నవ్వులపాలవుతాను అన్నది ఆయన వాదన. 1954లో ఆమెకు ఆస్కార్ వచ్చింది.

రెండోది కూడా ఆ సినిమాదే. రోములో ఒక చర్చి వసారాలో నోరు తెరిచిన రాతి ముఖం ఒకటుంది. అబద్ధాలాడేవాళ్లు అందులో చెయ్యి పెడితే కొరికేస్తుందని ఐతిహ్యం. పెక్ అందులో చెయ్యి పెట్టి, కేక వేసి, బయటికి తీసేసరికి కోటు చేతికి అరచెయ్యి లేదు! చేతిని లోపలికి ముడుచుకున్నాడంతే. ఈ తమాషా సంగతి హెప్‌బర్న్‌కు ముందుగా చెప్పలేదు. తెర మీద మనం వినే ఆమె అరుపు నిజమైన అరుపు.

మూడోది గడియారం కథ. 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' నవలలో న్యాయవాది ఆటికస్ ఫించ్‌ను హార్పర్ లీ తన తండ్రిని మనసులో పెట్టుకుని చిత్రించింది. ఆ తండ్రి 1962లో, సినిమా విడుదల కాకముందే కన్నుమూశాడు. ఆయన జేబు గడియారాన్ని ఆమె పెక్‌కు బహూకరించింది. 1963లో ఆటికస్ పాత్రకు ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్న రాత్రి ఆ గడియారం పెక్ దగ్గరే ఉంది.

ఇంకా ఉన్నాయి. ఆ సినిమాలో కూతురిగా వేసిన మేరీ బాడమ్ తరవాత కూడా ఆయన్ను ఆటికస్ అనే పిలిచేది. అన్యాయంగా నేరం మోపబడిన నల్లజాతి యువకుడిగా వేసిన బ్రాక్ పీటర్స్, 2003లో పెక్ అంత్యక్రియల వేళ నివాళి ప్రసంగం చేశాడు.

ఈ కథలన్నీ నాకూ ఇష్టమే. కానీ వరసగా పేర్చి చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. వీటిలో ఏ ఒక్కటీ పెక్ ఎలా నటించాడో చెప్పదు. అన్నీ ఆయన ఎంత మంచివాడో, ఎంత సరదా మనిషో చెబుతాయి. నా అభ్యంతరం అక్కడే. మంచివాడన్న కీర్తి ఆ నటుడిని మన కళ్ల నుంచి దాచేసింది.

ఆ మంచితనం బూటకమని నేననడం లేదు. దానికి ఋజువులు కథల్లోనే కాదు, చరిత్రలోనూ ఉన్నాయి. 1947లో, హాలీవుడ్‌లో కమ్యూనిస్టుల కోసం అమెరికా కాంగ్రెసు కమిటీ వేట సాగిస్తున్నప్పుడు, దాన్ని నిరసించే లేఖ మీద పెక్ సంతకం చేశాడు. ఆ ఏడాదే యూదుల పట్ల వివక్షను ఎత్తిచూపిన 'జెంటిల్‌మన్స్ అగ్రిమెంట్'లో నటించాడు. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగింది. అకాడమీ అధ్యక్షుడు అప్పుడు పెక్కే. 8న జరగవలసిన ఆస్కార్ ఉత్సవం 10వ తేదీకి వాయిదా పడింది. 1972లో, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించినవారి మీద నడిచిన విచారణను సినిమాగా నిర్మించాడు. నిక్సన్ ప్రభుత్వం తయారుచేసుకున్న శత్రువుల జాబితాలో ఆయన పేరుంది. కాబట్టి ఆయన వ్యక్తిత్వానికి నేను కొత్తగా సాక్ష్యం చెప్పనక్కరలేదు.

అయితే మంచివాడు మంచివాడిగా నటించడంలో గొప్పేముంది? ఈ ప్రశ్న పైకి అనకపోయినా చాలామంది మనసుల్లో ఉంటుంది. పెక్‌ను కొయ్యబొమ్మ అన్న విమర్శకులూ లేకపోలేదు. అభిమానులు చెప్పే కథలు ఆ విమర్శకు జవాబు ఇవ్వకపోగా, తెలియకుండానే బలం చేకూరుస్తున్నాయి. ఆయన తెర మీద తనలాగే ఉన్నాడని చెబితే, అసలు నటించలేదని ఒప్పుకున్నట్టే కదా!

జవాబు కావాలంటే సినిమాల్లోనే వెతకాలి. 'ట్వెల్వ్ ఓ క్లాక్ హై' (1949) చూడండి. అందులో ఆయన బాంబరు విమానాల దళాన్ని ఉక్కు క్రమశిక్షణతో నడిపించే సేనాని. చివరికొచ్చేసరికి ఒక ఉదయం విమానంలోకి ఎక్కబోతాడు. చేతులతో పైకి లాక్కోవాలి. చేతులు మాట వినవు. మళ్లీ ప్రయత్నిస్తాడు, మళ్లీ వినవు. అక్కడ పెద్ద సంభాషణ లేదు, ఏడుపు లేదు. అంతసేపూ ఆ మనిషి నిటారుగా నిలబడ్డ తీరంతా ఈ ఒక్క క్షణం కోసం కూడబెట్టినదని అప్పుడు తెలుస్తుంది. కొయ్యబొమ్మకు అలా కూలిపోవడం చేతకాదు.

'రోమన్ హాలిడే' ముగింపు మరో ఉదాహరణ. రాకుమారి వెళ్లిపోయింది. తోటి విలేకరులూ వెళ్లిపోయారు. ఆ పెద్ద హాలులో పెక్ ఒక్కడే జేబుల్లో చేతులు పెట్టుకుని నెమ్మదిగా నడుచుకుంటూ వస్తాడు. వినిపించేది అడుగుల చప్పుడే. ఒకసారి వెనక్కి తిరిగి చూస్తాడు, అక్కడ ఎవరూ లేరు. రాతి నోరు దగ్గరి తమాషా గురించి చెప్పుకున్నంతగా ఈ నడక గురించి మనం ఎందుకు చెప్పుకోం? ఆ తమాషా ఎవరైనా చేయగలరు. ఈ నడక నడవడానికి గొప్ప నటుడు కావాలి.

'కేప్ ఫియర్' (1962) కూడా చెప్పుకోదగ్గదే. దాన్ని నిర్మించినవాడు పెక్కే. ప్రేక్షకుల చూపంతా కట్టిపడేసే ప్రతినాయక పాత్ర రాబర్ట్ మిచమ్‌ది. తాను తీసుకున్నది భయాన్ని లోలోపల దిగమింగే గృహస్థు పాత్ర. ఎదుటివాడి క్రౌర్యం మనకు ఆనేది పెక్ ముఖంలో దాని నీడ కనబడుతుంది కనుకనే.

ఇక కథల మాటకు మళ్లీ వస్తాను. అభిమానం కూడా చేతిలో కత్తెర పట్టుకునే కూర్చుంటుంది. 'మాకింగ్‌బర్డ్' నిర్మాణంలో పెక్ సంస్థకు కూడా భాగం ఉంది. తొలి కూర్పు చూశాక ఆయనకు తృప్తి కలగలేదు. పిల్లల సన్నివేశాలు మరీ ఎక్కువయ్యాయనీ, ఆటికస్‌కు తగినంత చోటు దక్కలేదనీ స్టూడియోవారికి రాశాడు. కూర్పు మారింది. గడియారం కథ చెప్పేవాళ్లు ఈ ఉత్తరాల సంగతి ఎత్తరు. ఎత్తితే ఆయన తక్కువవాడైపోతాడనా? నాకైతే అలా అనిపించదు. తన పాత్ర కోసం పట్టుపట్టే వృత్తి కళాకారుడు అందులో కనబడతాడు. ఆటికస్ తనంతట తాను పెక్ ముఖం మీదికి వచ్చి వాలలేదు. ఆయన కావాలని కట్టుకున్న కట్టడం అది.

ఈ గందరగోళానికి మూల్యం 2015లో చెల్లించవలసి వచ్చింది. హార్పర్ లీ అంతకు ఎన్నో ఏళ్ల ముందు రాసిన 'గో సెట్ ఎ వాచ్‌మన్' ఆ ఏడు అచ్చయింది. అందులో ముసలి ఆటికస్ నల్లవారికి సమాన హక్కులను వ్యతిరేకించేవాడు. పాఠకులు గాయపడ్డారు. ఆ బాధలో నవల వాటా ఎంతో, పెక్ ముఖం వాటా కూడా అంతే ఉందని నా నమ్మకం. ఆ రోజుల దక్షిణ రాష్ట్రాల్లో మర్యాదస్తుడైన న్యాయవాది ఒకడు అలాంటి అభిప్రాయాలు కలిగి ఉండటం వింతేమీ కాదు. కానీ పెక్ ముఖం అలా మాట్లాడటాన్ని మనం ఊహించుకోలేకపోయాం. 2003 జూన్‌లో అమెరికన్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సినిమా నాయకుల్లో అగ్రస్థానం ఆటికస్‌కు ఇచ్చిన కొద్ది రోజులకే పెక్ కన్నుమూశాడు. నటుడూ పాత్రా కలిసి ఒకే విగ్రహమైపోయారు. విగ్రహానికి దండలు వేస్తాం, దాని వంక తేరిపార చూడం.

అలాగని కబుర్లు మానేయమని నేననను. తెర వెనుక సంగతుల్లో కొన్ని మనల్ని మళ్లీ సినిమా దగ్గరికి పంపిస్తాయి. 'రోమన్ హాలిడే' కథకు 1954లో ఆస్కార్ అందుకున్నవాడిగా నమోదైన పేరు ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్. నిజానికి ఆ కథ డాల్టన్ ట్రంబోది. కాంగ్రెసు కమిటీకి జవాబివ్వనన్నందుకు జైలుకు వెళ్లి, నిషేధానికి గురైన రచయిత. స్నేహితుడి పేరు అరువు తీసుకున్నాడు. 1976లో చనిపోయాడు, 1993లో అకాడమీ ఆ బహుమతిని ఆయన పేర ప్రకటించింది, 2011లో చిత్రానికి ఆయన పేరు అధికారికంగా చేరింది. ఇది తెలిశాక, రహస్యం తెలిసినా అచ్చువేయకుండా గుండెల్లోనే దాచుకునే ఆ విలేకరి కథ మునుపటిలా కనబడుతుందా? 1947 లేఖ మీద సంతకం చేసిన నటుడి నోట ఆ మాటలు వింటున్నామని కూడా తోడు చేసుకోండి.

మనవాళ్లకు పెక్ అంటే ముందు గుర్తొచ్చేది ఆటికస్ కాదు, 'మెకన్నాస్ గోల్డ్' (1969). అమెరికాలో చతికిలబడిన ఆ చిత్రం మన దేశంలో విరగబడి ఆడింది. దాని ఛాయలు కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' (1971)లో కనబడతాయి. అమెరికా అభిమానులకు అది లెక్కలోకి రాని సినిమా, మనకు అదే పెక్. ఒక రకంగా మనం అదృష్టవంతులం. ఆటికస్ విగ్రహం మన దారికి అడ్డు లేదు. ఎర్రటి లోయల మధ్య గుర్రమెక్కిన మార్షల్ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి నడుచుకుంటూ పోవచ్చు.

అలా నడిచేవాళ్లు 'ది గన్‌ఫైటర్' (1950) దగ్గర తప్పక ఆగండి. అందులో పెక్ పేరుమోసిన తుపాకీ వీరుడు. ఊరూరా అతని గురించి కథలే. అతనికి కావలసిందల్లా భార్యనూ కొడుకునూ ఒకసారి చూసుకోవడం. జనం చెప్పుకునే కథలు అతన్ని బతకనివ్వవు. గోడ గడియారం వంక చూస్తూ ఒక సారాకొట్టులో కూర్చున్న ఆ మనిషి కళ్లలో అలసట చూడండి. పెక్ గురించి మనం చెప్పుకునే కథలన్నిటి కంటే పెద్ద కథ అక్కడుంది.

మీ దగ్గర కూడా పెక్ కబుర్లు ఉండే ఉంటాయి. తప్పక చెప్పండి. దానితోపాటు మీకు నచ్చిన ఒక సన్నివేశం, అందులో ఆయన ఏం చేశాడో కూడా నాలుగు మాటలు రాయండి.